లవోన్ గాలి

ఏప్రిల్ 6

ఈ పుస్తకం ఇర్మా ఇచ్చింది. అట్ట మీద ఊదా పూలు. "మనసులో ఉన్నదంతా ఇందులో కక్కెయ్ లవోన్, తేలికపడతావు" అంది. ముప్ఫై ఏళ్లుగా తుపాకీ షూటింగ్ క్లబ్బు వంటగదిలో బీన్స్ ఉడకేస్తున్న మనిషి ఇప్పుడు మనసుల సంగతి కూడా చూస్తోంది.

మా ఆయన ఓర్విన్ పోయి ఎనిమిది వారాలు. నేను బాగానే ఉన్నాను. తింటున్నాను. ఏడవలేదు. ఇంక రాయడానికేం లేదు.

ఏప్రిల్ 11

రాయడానికుంది.

డెల్బర్ట్ కైజర్ వచ్చాడు. చేతిలో ఎల్క్ దుప్పి మాంసం సాసేజీలు, నడుం బెల్టుకి పోటీలో గెలిచిన ఆ వెండి బకిల్. దాని మీద పొట్టేలు తల. స్నానానికి వెళ్లేటప్పుడైనా ఆ బకిల్ తీస్తాడా అని నా అనుమానం. కూర్చుని కాఫీ తాగాడు. ఓర్విన్ లాంటి స్నేహితుడు మళ్లీ దొరకడన్నాడు. తర్వాత మెల్లగా గోడ మీదున్న ఓర్విన్ షార్ప్స్ రైఫిల్ వైపు చూశాడు.

"దాన్నలా వదిలెయ్యకు లవోన్. తుప్పు పట్టిపోద్ది. నాకిచ్చెయ్, నేను చూసుకుంటా."

"నేనే కాలుస్తా" అన్నాను. ఆ క్షణం దాకా నాకా ఆలోచనే లేదు. నోట్లోంచి అలా వచ్చేసింది.

నవ్వాడు. "నువ్వా? మరి గాలెవరు చెప్తారు? నువ్వే చెప్పుకుంటావా?" అనేసి, నాలిక కరుచుకున్నాడు. ఆ కరుచుకోవడం చూస్తే ఇంకా ఒళ్లు మండింది.

ఆరేళ్లుగా ఇదే మాట. ఒక్కసారి మొత్తం రాసేస్తాను. రాస్తే తేలికవుతుందట కదా.

పందొమ్మిదేళ్లు నేను ఓర్విన్ పక్కన స్టూలు మీద కూర్చుని, టెలిస్కోపుకి కన్ను ఆనించి, గాలి చదివాను. గడ్డి ఎటు వంగుతోంది, ఎండమావి ఎటు పారుతోంది, ఎంత వేగంగా పారుతోంది. నేను చెప్పిన లెక్కకి అతను రైఫిల్ మీద గురి చూసే సైటు తిప్పుకుని కాల్చేవాడు. ఐదొందల మీటర్ల అవతల ఇనప పొట్టేలు బొమ్మ ఠంగుమని వెనక్కి పడేది. మా బెల్ కూలీ ఊరు మొత్తంలో నా కంటికి మించిన కన్ను లేదని అందరూ అనేవాళ్లు. అప్పుడొచ్చింది ఆ ఆగస్టు పోటీ. చివరి ఐదు పొట్టేళ్లు మిగిలాయి. నాలుగు పడితే బకిల్ ఓర్విన్‌ది, లేకపోతే డెల్బర్ట్‌ది. రెండు పడ్డాయి. మూడు తప్పాయి. ఓర్విన్ రైఫిల్ కింద పెట్టి, అందరూ వింటుండగా, "ఏం గాలి చెప్పావే ముసలీ!" అన్నాడు. వెనక నుంచి డెల్బర్ట్ "లవోన్ గాలి!" అని అరిచాడు. జనం పడీ పడీ నవ్వారు.

అంతే. ఆ రోజు నుంచి ఎవడి గుండు తప్పినా "లవోన్ గాలి తగిలింది" అంటారు. గురి సరిగ్గా లేని వాడూ అదే, రాత్రి తాగి పొద్దున్న చేతులు వణికే వాడూ అదే. పోయినేడు కిరాణా కొట్లో ఒకడు కాఫీ కప్పు చెత్తబుట్టలోకి విసిరాడు, పక్కన పడింది. "లవోన్ గాలి" అన్నాడు. నేనెవరో కూడా వాడికి తెలీదు.

ఓర్విన్ ఆ తర్వాత మళ్లీ పోటీకి వెళ్లలేదు. నీవల్లే అని ఒక్కసారీ అనలేదు. అనకపోవడంతోనే అన్నాడు.

ఆ రోజు నేను చెప్పిన గాలి తప్పే అయ్యుంటుంది. ఓర్విన్ అబద్ధం చెప్పే మనిషి కాదు. కాని ఒక్క తప్పుకి ఆరేళ్లా? ఈ ఆగస్టులో నేనే గాలి చదువుకుని, నేనే కాల్చి, అవే ఐదు పొట్టేళ్లలో నాలుగింటిని పడగొడతాను. ఆ మాటని ఈ ఊరి నోళ్లలోంచి ఊడబెరుకుతాను.

ఏప్రిల్ 12

డెల్బర్ట్ సాసేజీలు కుక్కకి పెట్టాను. తర్వాత రెండు నేనూ తిన్నాను. బాగున్నాయి. దానికి కూడా కోపం వచ్చింది.

ఏప్రిల్ 20

ఓర్విన్ తూటాలు నింపుకునే షెడ్డు తాళం తీశాను. ఇన్నేళ్ల కాపురంలో ఆ గుమ్మం దాటలేదు. "లోపలికి రాకే, దుమ్ము లేస్తే తూకం పాడవుద్ది" అనేవాడు. ఇంట్లో ఉన్న దుమ్మంతా అతని ఒంటి మీంచి రాలిందే. తెల్లమట్టి మిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేశాడు. బట్టలు ఉతికితే తొట్టి అడుగున పెరుగులా పేరుకునేది.

లోపల చూస్తే అన్నీ వరసగా ఉన్నాయి. ఖాళీ తూటాల ఇత్తడి కేసులు సైజు ప్రకారం, సీసం దిమ్మలు పేర్చి, అచ్చులు నూనె రాసి గుడ్డలో చుట్టి, తుపాకీమందు డబ్బాలు కిటికీకి దూరంగా. తన మేజోళ్లు ఏ సొరుగులో ఉంటాయో చచ్చేదాకా తెలుసుకోని మనిషి. నాకు నవ్వు రావాలి. రాలేదు.

అతని నోటు పుస్తకం దొరికింది. ఒక్కో పోటీకి ఒక్కో పేజీ. ఎండ, సైటు అంకె, నేను చెప్పిన గాలి, గుండు తగిలిందా లేదా. ప్రతి గుండు కింద పెన్సిల్‌తో చిన్న చిన్న నిలువు గీతలు కూడా ఉన్నాయి. అవేమిటో తెలియలేదు. సీసం తూకానికి సంబంధించినవేమో.

ఏప్రిల్ 29

సీసం కరిగించాను. పాత్రలోంచి గరిటెతో తీసి అచ్చులో పోయడం, చల్లారాక తట్టడం, గుండు గుడ్డ మీద పడటం. చూడ్డానికి పెనం మీద అట్టు పోసినంత సులువు. నూట పది పోశాను. పద్దెనిమిది పనికొచ్చాయి. మిగతావాటి నిండా ముడతలే. అచ్చు వేడెక్కకుండా పోస్తే ముడతలు పడతాయట. అది తెలిసేసరికి మధ్యాహ్నమైంది, మణికట్టు మీద బొబ్బ కూడా తేలింది.

తొంభై రెండూ మళ్లీ కరిగించాను.

మే 5

ఈ చుట్టుపక్కల అరవై మైళ్లలో ఈ పని పూర్తిగా తెలిసిన ప్రాణి డెల్బర్ట్ ఒక్కడే. పళ్లు కొరుక్కుని ఫోన్ చేశాను. పావుగంటలో వాలిపోయాడు. బకిల్ పెట్టుకునే వచ్చాడు.

తూటాలో మందు పోయడానికి బారెడు పొడుగు ఇత్తడి గొట్టం ఉంటుంది. పైన గరాటు, కింద కేసు. మందు ఆ గొట్టంలోంచి మెల్లగా జారితే గింజలు ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటాయి. నేను ఒక్కసారి కుమ్మరించాను.

"అమ్మా తల్లీ! కోళ్లకి దాణా వేస్తున్నావా?" అన్నాడు. "సన్నటి ధారగా పొయ్. తొందరేం వచ్చింది?"

"తొందర నాకా? నువ్వెప్పుడు పోతావా అని చూస్తున్నా."

"పోతాలే. ముందు ఇది విను. మందుకీ గుండుకీ మధ్య గోరంత ఖాళీ కూడా ఉండకూడదు. మందు మీద అట్ట బిళ్ల పెట్టి అదుముతావు చూడు, ఆ బిళ్లకి గుండు అడుగు ఆనాలి. ఖాళీ వదిలావంటే రైఫిల్ బ్యారెల్ ఉబ్బిపోద్ది. ఇంకా ఖర్మ కాలితే నీ మొహం కూడా పోద్ది."

"నా మొహం సంగతి నీకెందుకు?"

"నా బెంగంతా రైఫిల్ గురించే."

చెప్పాలంటే ఓపిగ్గానే నేర్పాడు. ఇరవై తూటాలు నింపాం. నేను అదిమిన ప్రతిదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల గలగలమనడం లేదని నిర్ధారించుకున్నాకే పెట్టెలో పెట్టాడు. పని అయ్యాక ఓర్విన్ నోటు పుస్తకం తీసి, ఆ గీతలు చూపించి, ఇవేమిటి అని అడిగాను.

చూశాడు. పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు. "ఏమో. వాడి పిచ్చి వాడిది" అన్నాడు. కాఫీ సగం కప్పులోనే వదిలేసి వెళ్లిపోయాడు. డెల్బర్ట్ కాఫీ వదిలేయడం నేనింతవరకూ చూడలేదు.

మే 18

మొదటిసారి కాల్చాను.

పొగ. కుళ్లిన గుడ్ల వాసన. ఎవరో గడప చెక్కతో భుజం మీద మోదినట్టు దెబ్బ. పొగ తేలేదాకా బొమ్మ పడిందో లేదో కూడా కనపడదు. ఏదీ పడలేదు. రెండొందల మీటర్ల కోడి బొమ్మలు పడలేదు. మూడొందల మీటర్ల పందులు పడలేదు. టర్కీ కోళ్లు, పొట్టేళ్లు అన్నీ నన్ను చూస్తూ నిలబడే ఉన్నాయి.

అసలు కష్టం కాల్చడంలో లేదు, ఊదడంలో ఉంది. గుండు పేలిన ప్రతిసారీ మందు మసి బ్యారెల్ లోపల మిగిలిపోతుంది. వెనకవైపు ఊదుగొట్టం పెట్టి నోటితో ఊపిరి ఊదాలి. ఊపిరిలో ఉన్న తేమకి మసి మెత్తబడుతుంది. ఊదకపోతే ఎండకి పెచ్చుకట్టి, తర్వాతి గుండుని ఎటు పడితే అటు విసిరేస్తుంది.

"ఎన్నిసార్లు?" అని పక్కనున్న డెల్బర్ట్‌ని అడిగాను.

"ఆరు. ఎండ ముదిరితే ఎనిమిది. పుట్టినరోజు కొవ్వొత్తులు ఆర్పినట్టు కాదు, పొట్టలోంచి రావాలి. నిదానంగా" అన్నాడు డెల్బర్ట్. అది చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు. కొండ వైపు చూశాడు.

ఊదాను. అవతల బ్యారెల్ కొసలోంచి సన్నగా పొగ వచ్చింది.

మే 19

భుజం నల్లగా కమిలిపోయింది. ఓర్విన్‌కీ ఇలాగే అయ్యేది. నేనే మందు రాసేదాన్ని. ఇప్పుడు నా భుజం వెనక్కి నా చెయ్యే అందడం లేదు.

జూన్ 9

పది పొట్టేళ్లలో రెండు.

జూన్ 15

పదిలో ఆరు. ఎవరికీ చెప్పలేదు.

గాలి నేనే చదువుకుంటున్నాను. ముందు టెలిస్కోపులో చూసి, సైటు తిప్పుకుని, అప్పుడు రైఫిల్ వెనక పడుకుంటాను. గుండు దుమ్ము లేపిన చోటల్లా కాగితం మీద చుక్క పెడతాను, ఓర్విన్‌కి పెట్టినట్టే. నా చుక్కలు చూసుకుంటే నా కళ్లకేమీ కాలేదనిపిస్తోంది. అలాంటప్పుడు ఆ ఒక్క రోజు ఏమైంది నాకు?

జూన్ 28

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

వడగాలి. పెదాలు పగిలే ఎండ. కాల్పుల రేంజి దగ్గర పక్క ఊరివాళ్లు ఇద్దరు ఉన్నారు. నేను పొట్టేళ్లకి గురి పెట్టగానే ఒకడు రెండోవాడితో, నాకు వినపడేలా, "ఒరేయ్, అసలు లవోన్ గాలి ఇదే. చూసి నేర్చుకో" అన్నాడు.

నాకు నషాళానికెక్కింది. వాళ్ల నోళ్లు మూయించాలని గబగబా కాల్చాను. మొదటి రెండు పడ్డాయి. తొందరలో ఊదుగొట్టం పెట్టాను, తీశాను, రెండు ఊపిర్లు కూడా ఊదానో లేదో. తర్వాత మూడూ తప్పాయి. వాళ్లు నవ్వారు. నేను చుక్కలు పెట్టుకుని, సామాను సర్దుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి ఆ కాగితం బల్ల మీద పరిచి చూశాను. ఒక చుక్క పొట్టేలు వీపు పైన. ఒకటి కాళ్ల ముందు నేల మీద. ఒకటి కొమ్ములకి ఎడమగా. గాలి తప్పు చదివితే మూడూ ఒక వైపుకే పోవాలి. ఇవి మూడు మూడు దిక్కులకి పోయాయి. ఇది గాలి పని కాదు. పెచ్చుకట్టిన మసి పని.

ఇలాంటి కాగితం ఇంతకుముందు నా చేత్తోనే గీశాను.

నా పాత కాగితాలన్నీ కాఫీ డబ్బాలో ఉన్నాయి. ఆరేళ్ల కిందటి ఆగస్టుది వెతికి తీశాను. రెండు పడ్డాయి. మూడో చుక్క వీపు పైన. నాలుగోది కాళ్ల ముందు. ఐదోది తోకకి అవతల. నా అక్షరాలు, నా చుక్కలు. కళ్లారా చూసి, చేత్తో గీసి, డబ్బాలో దాచుకుని, ఆరేళ్లు నా గాలే తప్పని నమ్మాను. ఎందుకంటే అతను చెప్పాడు కాబట్టి.

జూలై 1

ఆ గీతలు ఊపిర్లు.

నోటు పుస్తకం మొదటి నుంచి తిరగేశాను. పాత పేజీల్లో ప్రతి గుండు కింద ఆరు గీతలు. బాగా ఎండ ఉన్న రోజున ఎనిమిది. ఏళ్ల తరబడి అంతే. ఆ తర్వాత ఒక వసంతంలో ఐదు. జూన్‌లో నాలుగు. జూలైలో నాలుగు, మూడు. ఆగస్టు పోటీ పేజీలో కోళ్లకి నాలుగు, పందులకి మూడు. చివరి ఐదు పొట్టేళ్ల కింద మూడు, మూడు, రెండు, రెండు, ఒకటి.

ఒకటి.

ఆ ఎండలో ఒక్క ఊపిరి. ఎందుకంటే లోపల ఇంకోటి లేదు.

జనానికి అబద్ధం చెప్పాడు. నాకు చెప్పాడు. ఈ పుస్తకానికి మాత్రం చెప్పలేకపోయాడు. తూటాలు నింపేవాడు లెక్క తప్పు రాసుకుంటే తనకే నష్టం కదా. నా లెక్క తప్పుగా రాస్తే ఎవరికి నష్టం?

ఆ రోజుల్లోనే మంచం మీద పడుకోవడం మానేసి కుర్చీలో నిద్రపోయేవాడు. నడుం నొప్పి అన్నాడు. మెట్లెక్కి సగంలో ఆగి గోడ మీది ఫొటోలు చూసేవాడు. ముసలాడికి పాత రోజులు గుర్తొస్తున్నాయనుకుని మురిసిపోయాను నేను! బిల్లింగ్స్ పట్నంలో డాక్టరు ఊపిరితిత్తుల నిండా మట్టి పేరుకుందన్నాడు. "ముందే మిల్లు మానేసి ఉంటే ఇంకొన్నేళ్లు బతికేవాడు" అన్నాడు. ఆ పోటీ తర్వాత ఓర్విన్ ఇంకో నాలుగేళ్లు అదే మిల్లుకి వెళ్లాడు. నేనే డబ్బాలో శాండ్‌విచ్ పెట్టి పంపాను.

నేను పక్కనే ఉన్నాను. అతనికీ నాకూ మధ్య చేతి దూరం. నా కన్ను టెలిస్కోపులో ఉంది. గాలి చూడమని కూర్చోబెట్టాడు, గాలే చూశాను.

జూలై 2

కోపం.

జూలై 9

ఓర్విన్ మీద నాకు కోపం లేదు. జబ్బు మనిషి. భయపడ్డాడు. మగవాళ్లు అంతే. క్షమించేశాను.

జూలై 10

క్షమించలేదు. అతని చొక్కాలన్నీ సంచుల్లో కుక్కి చర్చి వాళ్లకి ఇచ్చేశాను.

జూలై 11

వెళ్లి ఒకటి వెనక్కి తెచ్చుకున్నాను.

జూలై 26

పదిలో ఎనిమిది. ప్రతి గుండుకీ ఎనిమిది ఊపిర్లు, లెక్కపెట్టి. ఊదినప్పుడల్లా మండుతున్నాను. ఇంత సులువైన పని! ఊపిరున్నవాడికి ఇంత సులువు!

ఈ సంగతి అందరికీ చెప్పాలా వద్దా అని నాలుగు వారాలుగా కొట్టుకుంటున్నాను. చెప్తే చచ్చినవాడి పరువు తీసినట్టు. చెప్పకపోతే నాది పోయినట్టు. అతను నా పరువు గురించి ఇంతసేపు ఆలోచించాడా? మూడు పొట్టేళ్లు తప్పినంత సేపు కూడా ఆలోచించలేదు.

ఆగస్టు 15

పోటీ అయింది.

పక్కన టెలిస్కోపు దగ్గర మనిషి ఉండి తీరాలన్నారు. డెల్బర్ట్‌నే కూర్చోమన్నాను. ఎందుకో అతనే కావాలనిపించింది. "గాలి నేను చెప్పనా?" అన్నాడు. "నోరు మూసుకుని గుండు ఎక్కడ పడిందో మాత్రం చెప్పు" అన్నాను. కోళ్లు రెండు, పందులు ఆరు, టర్కీలు నాలుగు. గొప్పేం కాదు. చివరి ఐదు పొట్టేళ్ల దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అదే ఎండ. గాలి ఎడమ నుంచి వచ్చి, కాలువ గట్టు దగ్గర వెనక్కి తిరుగుతోంది. ఆ తిరగడం గడ్డిలో కనపడదు, ఎండమావిలోనే తెలుస్తుంది. ఆ రోజూ ఇలాగే తిరిగింది. ఆ రోజూ ఇదే చెప్పాను.

ఎనిమిది ఊపిర్లు. ఠంగ్. ఎనిమిది. ఠంగ్. మూడోది తప్పింది, అది నా చెయ్యే, కుదిపేశాను. ఎనిమిది. ఠంగ్. ఐదోదానికి ముందు గాలి పడిపోయింది. ఆగాను. మళ్లీ లేచేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టలేదు. ఠంగ్.

నాలుగు.

డెల్బర్ట్ స్టూలు మీంచి లేచి, టోపీ ఊపుతూ, "లవోన్ గాలి! అదీ లవోన్ గాలంటే!" అని అరిచాడు. జనం చప్పట్లు కొట్టారు. తిట్టిన మాటనే మెచ్చుకోలుగా మార్చి నా చేతిలో పెట్టానని అతని సంబరం. సరిపోయింది కదా అన్నట్టు నవ్వుతున్నాడు.

నేను లేచి ఓర్విన్ పుస్తకం ఆ పేజీ తెరిచి అతని మొహం ముందు పెట్టాను.

"ఈ గీతలు ఊపిర్లు. నీకు తెలుసు."

నవ్వు ఆగింది. "లవోన్, ఇక్కడొద్దు."

"ఎప్పటి నుంచి తెలుసు?"

"ఆ రోజే." టోపీ చేతుల్లో నలిపేస్తున్నాడు. "వాడి పెదాలు నీలంగా ఉన్నాయి. నేను వెనకే ఉన్నా కదా. వాడు నీ మీద అరిచాక నా వైపు చూశాడు. ఏదో ఒకటి అనరా, అందరూ నన్నే చూస్తున్నారు అన్నట్టు. నాకు తోచింది అరిచేశా. జనం నవ్వారు. ఆ నవ్వులో వాడు పక్కకెళ్లి ట్రక్కు పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకున్నాడు. సాయంత్రం నాతో ఒట్టేయించుకున్నాడు. లవోన్‌కి తెలిస్తే మిల్లు మాన్పించేస్తుందిరా, అన్నాడు."

"మాన్పించేదాన్నే!"

"తెలుసు."

"మరి ఆరేళ్లు ఆ మాటెందుకు అన్నావు? ఆ ఒక్క రోజుతో ఆపొచ్చు కదా?"

"జనం నవ్వేవాళ్లు" అన్నాడు. "అలవాటైపోయింది."

అలవాటైపోయిందట.

"భోజనాల దగ్గర అందరి ముందూ చెప్తావు. నువ్వే చెప్తావు. లేకపోతే ఈ పుస్తకం నేను చదువుతా" అన్నాను.

చెప్పాడు. బీన్స్, రొట్టెలు వడ్డించాక లేచి నిలబడి, తడబడుతూ, మొత్తం చెప్పాడు. అరవై మంది విన్నారు. ఆ తర్వాత ఏం జరిగిందో రాస్తున్నాను, ఎవరైనా చదివినా నమ్మరు. ఒక్కొక్కరే టోపీలు తీశారు. "పాపం ఓర్విన్" అన్నారు. "ఊపిరాడకుండానే కాల్చాడు చూడు, అదీ మనిషంటే" అన్నారు. ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. అతని పేరు మీద వచ్చే ఏడు నుంచి ఒక బహుమతి పెట్టాలని ఎవరో అన్నారు, అందరూ బాగుందన్నారు.

నేను పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను.

ఇర్మా గరిటె గిన్నె అంచుకేసి కొట్టింది. "మరి లవోన్‌కెవరూ ఏం చెప్పరా? ఆరేళ్లు తిన్నారు కదరా దాన్ని!"

కిరాణా కొట్లో కప్పు విసిరినవాడి లాంటివాడే ఒకడు, "అదేదో సరదాకి అన్నాం లే లవోన్" అన్నాడు. నేను బీన్స్ పళ్లెం అలాగే బల్ల మీద పెట్టి బయటికొచ్చేశాను. డెల్బర్ట్ ట్రక్కు దాకా వెనకే వచ్చి, నడుం మీది బకిల్ విప్పి, చేతిలో పెట్టబోయాడు. "నీ ప్యాంటు జారిపోద్ది, పెట్టుకో" అని తలుపు వేసుకున్నాను.

గెలిచాను. అనుకున్నది జరిగింది. ఆ మాట ఇంకెవరూ అనరు. ఇన్ని నెలల కోపం ఇవాళ్టితో ఆరిపోతుందనుకున్నాను. ఇంకా పెద్దదైంది.

ఆగస్టు 16

పొద్దున్నే క్లబ్బు నిబంధనల కాగితం తీసి చదివాను. పదకొండు పేజీలు. కాల్చేవాడు ఎలా పడుకోవాలి, పక్కన కూర్చున్న మనిషి ఏం ముట్టుకోవచ్చు, ఏం ముట్టుకోకూడదు, ఎన్ని నిమిషాల్లో ముగించాలి, అన్నీ ఉన్నాయి. పక్క మనిషి రైఫిల్ ఎత్తకూడదు, గురి చూడకూడదు, ట్రిగ్గర్ ముట్టుకోకూడదు. ఊదుగొట్టం గురించి ఒక్కచోటే ఉంది. గుండుకీ గుండుకీ మధ్య బ్యారెల్‌లోకి ఊదవచ్చు, అంతే. ఎవరు ఊదాలో రాయలేదు. అర్థం కాలేదేమోనని మళ్లీ మొదటి నుంచి చదివాను. రాయలేదు.

నేను పక్కనే కూర్చున్నాను ఓర్విన్. చెయ్యి చాస్తే అందేంత దగ్గర. ఒక్క మాట అంటే, ఆ గొట్టం నేను ఊదేదాన్ని.

ఏడ్చాను.